అతి వృద్ధులలో పిత్తాశయ శస్త్రచికిత్స

పిత్తాశయం లేదా గాల్ బ్లాడర్ కాలేయం కింద ఉండే చిన్న సంచి. కాలేయంలో తయారైన పైత్యరసం ఇందులో నిలువ ఉండి, భోజనం చేసినప్పుడు చిన్నప్రేవులలోనికి చేరుతుంది. ఈ సంచిలో రాళ్ళు ఏర్పడి బాధ కలిగించినప్పుడు దానిని శస్త్రచికిత్స ద్వారా తొలగిస్తారు. వయసుతోపాటు రాళ్ళు ఏర్పడే అవకాశం పెరుగుతుంది కాబట్టి 80 ఏళ్ళు దాటినవారికి కూడా ఈ చికిత్స అవసరం కావచ్చును. వయసు ఒక్కటే దీనికి అడ్డంకి కాదు. రోగి శరీర దారుఢ్యం, ఇతర వ్యాధులు ముఖ్యం.

చరిత్ర

1882లో బెర్లిన్ నగరంలో కార్ల్ లాంగెన్‌బూక్ అనే వైద్యుడు మొట్టమొదటిసారిగా పిత్తాశయాన్ని తొలగించాడు. తరువాత సుమారు వంద సంవత్సరాలపాటు పొట్టపై పెద్ద కోత పెట్టి ఈ చికిత్స చేసేవారు. 1985లో జర్మనీకే చెందిన ఎరిక్ మ్యూహె లాపరోస్కోపీ పద్ధతిలో చిన్న రంధ్రాల ద్వారా దీనిని చేశాడు. ఈ పద్ధతిలో నొప్పి తక్కువ, రోగి త్వరగా లేచి నడవగలుగుతాడు. వృద్ధులకు ఇది ఎంతో మేలు.

లక్షణాలు

పిత్తాశయం వాచినప్పుడు సాధారణంగా పొట్ట కుడివైపు పైభాగాన నొప్పి, జ్వరం, వాంతులు కలుగుతాయి. అతి వృద్ధులలో ఇవి స్పష్టంగా కనబడకపోవచ్చు. ఆకలి మందగించడం, నీరసం, తికమకగా మాట్లాడడం మాత్రమే కనిపించవచ్చు. వీటిని ముసలితనానికి ఆపాదించి ఆలస్యం చేస్తే పిత్తాశయం కుళ్ళి చిల్లు పడే ప్రమాదం ఉంది. అప్పుడు అత్యవసరంగా చేసే శస్త్రచికిత్సలో ప్రాణాపాయం ఎక్కువ.

జాగ్రత్తలు

లాపరోస్కోపీలో పొట్టలోనికి కార్బన్ డయాక్సైడు వాయువును పంపుతారు. దీని ఒత్తిడి వలన గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గవచ్చు, ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోకపోవచ్చు. అందువలన వృద్ధులలో వీలైనంత తక్కువ ఒత్తిడిని వాడతారు. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాల పనితీరును, రక్తాన్ని పలుచబరచే మందుల వాడకాన్ని ముందుగానే పరిశీలిస్తారు.

ప్రత్యామ్నాయం

శస్త్రచికిత్సను తట్టుకోలేనివారికి చర్మం గుండా పిత్తాశయంలోనికి గొట్టం అమర్చి చీమును తీసివేస్తారు. అయితే ఇది అన్నివేళలా సురక్షితమైన మార్గం కాదు. శస్త్రచికిత్స ప్రమాదం ఎక్కువగా ఉన్న 142 మందిపై నెదర్లాండ్స్‌లో జరిపిన అధ్యయనం 2018లో ప్రచురితమైనది. తీవ్రమైన చిక్కులు లాపరోస్కోపీ చేయించుకున్నవారిలో 12 శాతానికి, గొట్టం అమర్చినవారిలో 65 శాతానికి కలిగాయి. మరణాలలో చెప్పుకోదగిన తేడా లేదు. ఈ రోగులందరూ అతి వృద్ధులు కారు. అత్యంత విషమస్థితిలో ఉన్నవారిని ఇందులో చేర్చలేదు.

ఏ బాధా కలిగించని రాళ్ళకు సాధారణంగా శస్త్రచికిత్స అవసరం లేదు.

చికిత్స తరువాత

కొందరు వృద్ధులకు కొద్దిరోజులు మతిభ్రమ కలగవచ్చు. కళ్ళజోడు, వినికిడి యంత్రం అందుబాటులో ఉంచడం, అయినవారు దగ్గర ఉండడం, త్వరగా నడిపించడం మేలు చేస్తాయి. పిత్తాశయం లేకపోయినా పైత్యరసం నేరుగా ప్రేవులలోనికి చేరుతుంది కనుక జీర్ణక్రియ కొనసాగుతుంది.