ష్రౌడ్ ఆఫ్ ది అవతార్: ఫోర్సేకెన్ వర్చ్యూస్

ష్రౌడ్ ఆఫ్ ది అవతార్: ఫోర్సేకెన్ వర్చ్యూస్ అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరంలో తయారైన ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆట. 'అల్టిమా' ఆటల సృష్టికర్త రిచర్డ్ గారియట్ తన పోర్టలేరియం సంస్థ తరఫున 2013లో కిక్‌స్టార్టర్ వేదికపై జనం నుంచి డబ్బు సేకరించి దీని నిర్మాణానికి పూనుకున్నారు. విండోస్, మ్యాక్, లైనక్స్ కంప్యూటర్ల కోసం ఇది 2018 మార్చి 27న విడుదలైంది. 2019 అక్టోబరులో క్యాట్‌నిప్ గేమ్స్ అనే సంస్థ చేతికి వెళ్లింది.

పేరున్న నిర్మాత మాట మీద నమ్మకంతో, ఇంకా తయారుకాని ఆన్‌లైన్ ఆటకు ఆటగాళ్లే పెట్టుబడి సమకూర్చడం 2012 తర్వాత బాగా పెరిగింది. చందాల సేకరణ నుంచి విడుదల దాకా, ఆ తర్వాత యాజమాన్యం మారేదాకా మొత్తం కథ కళ్లముందు జరిగిన ఆట కాబట్టి ఆ నమ్మకం ఏ మేరకు నిలిచిందో, ఎక్కడ దెబ్బతిన్నదో తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

నిర్మాత

రిచర్డ్ గారియట్ 1961 జులై 4న ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పుట్టి, టెక్సస్‌లో పెరిగారు. తండ్రి ఓవెన్ గారియట్ స్కైలాబ్ అంతరిక్ష కేంద్రంలో పనిచేసిన వ్యోమగామి. రిచర్డ్ కుర్రవాడిగా ఉన్నప్పుడు రాసిన 'అకలబెత్' ఆటను తాను పనిచేసే కంప్యూటర్ దుకాణంలోనే జిప్ సంచుల్లో పెట్టి అమ్మారు. 1981లో మొదటి 'అల్టిమా' వచ్చింది. 1983లో అన్న రాబర్ట్, తండ్రి తదితరులతో కలిసి ఆరిజిన్ సిస్టమ్స్ సంస్థను పెట్టారు. ఆటల్లో ఆయన వేసే పాత్ర బ్రిటానియా రాజ్యాన్ని ఏలే 'లార్డ్ బ్రిటిష్'. అభిమానులు ఆయన్ను ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు.

ఆయన మీద అభిమానులకు కుదిరిన గురికి పునాది 1985లో వచ్చిన 'అల్టిమా 4'. అప్పటి ఆటల్లో మామూలుగా ఉండే దుష్టసంహారం దీని లక్ష్యం కాదు. ఆటగాడు నిజాయితీ, కరుణ, ధైర్యం వంటి ఎనిమిది సద్గుణాలను అలవరచుకుని 'అవతార్' కావాలి. ఈ భావనను గారియట్ హిందూ సంప్రదాయం నుంచి తీసుకున్నారు. ఆటలో మంత్రాలకు కావలసిన మూలికలు అమ్మేవారికి చూపు ఉండదు. సరుకు ధర వాళ్లు చెబుతారు, ఎన్ని నాణేలు ఇస్తున్నదీ ఆటగాడే లెక్కపెట్టి చెప్పాలి. తక్కువ ఇచ్చినా అప్పటికప్పుడు ఎవరూ నిలదీయరు. కానీ ఆట ఆ మోసాన్ని గుర్తుపెట్టుకుంటుంది, సద్గుణాల లెక్క దగ్గర ఆ ఆటగాడు వెనకబడతాడు. చిన్న వయసులో ఈ ఆట ఆడినవారికి దాన్ని తయారుచేసిన మనిషి మీద ప్రత్యేకమైన గౌరవం ఏర్పడింది.

1992లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ఆరిజిన్‌ను కొనేసింది. ఆ నీడలోనే 1997 సెప్టెంబరులో 'అల్టిమా ఆన్‌లైన్' వచ్చింది. వేలమంది ఒకే లోకంలో తిరుగుతూ వ్యాపారాలు చేసుకుంటూ, ఇళ్లు కట్టుకుంటూ బతికే ఆటలు జనంలోకి వెళ్లింది దీనితోనే. విడుదలకు ముందు, 1997 ఆగస్టులో సర్వర్ల సామర్థ్యాన్ని పరీక్షిస్తుండగా ప్రజలను పలకరించడానికి వచ్చిన లార్డ్ బ్రిటిష్‌ను ఒక ఆటగాడు మంటల మంత్రంతో చంపేశాడు. రాజుకు చావు లేకుండా చేసే ఏర్పాటును ఆరోజు మళ్లీ పెట్టుకోవడం మరిచారు. ఆన్‌లైన్ ఆటల చరిత్ర చెప్పేవారు ఈ ఘటనను తప్పకుండా చెబుతారు.

2000లో గారియట్ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను వదిలారు, 'అల్టిమా' పేరు మీద హక్కు ఆ సంస్థకే ఉండిపోయింది. తర్వాత కొరియాకు చెందిన ఎన్‌సీసాఫ్ట్ సంస్థ కోసం చేసిన 'టాబులా రాసా' 2007 నవంబరులో విడుదలై, 2009 ఫిబ్రవరి 28న మూతపడింది. మధ్యలో, 2008 అక్టోబరులో ఆయన సొంత ఖర్చుతో సోయుజ్ నౌకలో అంతరిక్ష కేంద్రానికి వెళ్లివచ్చారు. ఉద్యోగం వదిలిన తీరును ఎన్‌సీసాఫ్ట్ తప్పుగా చూపిందని ఆయన వేసిన దావాలో 2010లో కోర్టు 2.8 కోట్ల డాలర్లు ఇప్పించింది. పోర్టలేరియంను 2009లో ప్రారంభించారు.

చందాల సేకరణ

2012 తొలినాళ్లలో డబుల్ ఫైన్ అనే సంస్థ కిక్‌స్టార్టర్‌లో ఒక సాహస ఆట కోసం 33 లక్షల డాలర్లకు పైగా సేకరించింది. ప్రచురణ సంస్థల గడప తొక్కకుండానే పాత నిర్మాతలు తమ అభిమానులను నేరుగా అడగవచ్చని దానితో తేలిపోయింది. గారియట్ 2013 మార్చి 8న అడిగారు. 10 లక్షల డాలర్లు కావాలన్నారు. ఏప్రిల్ 7 నాటికి 22,322 మంది కలిసి 19,19,275 డాలర్లు ఇచ్చారు. సగటున ఒక్కొక్కరు సుమారు 86 డాలర్లు ఇచ్చినట్టు లెక్క. అప్పట్లో ఒక ఆట ప్రతికి అయ్యే ధర కన్నా ఇది ఎక్కువ.

కిక్‌స్టార్టర్‌లో ఇచ్చే డబ్బు కొనుగోలు కాదు, సంస్థలో వాటా కూడా కాదు. నిర్మాత చిత్తశుద్ధితో ప్రయత్నించి, చెప్పినవి అందించాలి. అది సాధ్యం కాకపోతే డబ్బు ఎలా ఖర్చయిందో వివరించి, మిగిలినది తిరిగి ఇవ్వాలి. గడువు దాటినందుకు జరిమానా అంటూ ఏదీ లేదు. అందువల్ల మద్దతుదారుడి చేతిలో ఉండే ఆధారం నిర్మాత గత చరిత్ర ఒక్కటే. గారియట్ విషయంలో అది చాలా బలంగా కనిపించింది. 1997లో 'అల్టిమా ఆన్‌లైన్'ను నడిపించిన స్టార్ లాంగ్ కూడా ఈ బృందంలో చేరారు. కాల్పనిక నవలల రచయిత ట్రేసీ హిక్మన్ కథారచనకు ఒప్పుకున్నారు.

ఇచ్చిన మాటల్లో ముఖ్యమైనవి ఇవి: ఐదు భాగాలుగా సాగే పెద్ద కథ, అందులో మొదటి భాగం 2014 అక్టోబరుకు అందడం, ఒంటరిగానూ స్నేహితులతోనూ లోకమంతటితోనూ ఆడుకునే వీలు, ఇంటర్నెట్ లేకుండా ఆడుకునే ఏర్పాటు, ఎక్కువ ఇచ్చినవారికి పెట్టెలో పెట్టిన ప్రతి, గుడ్డ మీద అచ్చువేసిన పటం. 1982 నాటి 'అల్టిమా 2' నుంచి గుడ్డ పటం గారియట్ ఆటలకు గుర్తుగా ఉంటూ వచ్చింది.

ఆట స్వరూపం

కథ నడిచేది న్యూ బ్రిటానియా అనే లోకంలో. యూనిటీ ఇంజిన్ మీద నిర్మించారు. ఎవరికి ఎవరు కనిపించాలో, ఎంతమందిని ఒకచోట చేర్చాలో సర్వర్ నిర్ణయిస్తుంది. ఆటగాడు తన ఇష్టాన్ని బట్టి ఒంటరి విధానానికో సామూహిక విధానానికో మారవచ్చు. ఊళ్లోని పాత్రలతో మాటలను టైపు చేసి సంభాషించవచ్చు, ఇది పాత 'అల్టిమా'ల ఒరవడి. పోరాటంలో నైపుణ్యాలు పేకముక్కల్లా ఒక కట్టలోంచి వస్తుంటాయి. గనుల తవ్వకం, కమ్మరం, వడ్రంగం, వంట వంటి చేతిపనులకు పెద్దపీట వేశారు. ఇళ్ల అలంకరణను, చేతిపనులను ఎక్కువమంది మెచ్చుకున్నారు. పోరాటం నిదానంగా ఉందని, ఒక చోటి నుంచి మరోచోటికి వెళ్లినప్పుడల్లా లోడింగ్ కోసం ఆగాల్సి వస్తోందని, బొమ్మలు పాతకాలం నాటివిలా ఉన్నాయని విమర్శలు వచ్చాయి.

పట్టాల అమ్మకం

'అల్టిమా ఆన్‌లైన్'లో ఇళ్ల స్థలాలు పరిమితంగా ఉండేవి. వాటి కోసం పోటీ పెరిగి ఆటగాళ్లు తమ ఇళ్లను, కోటలను ఈబేలో నిజమైన డాలర్లకు అమ్ముకున్నారు. ఆ డబ్బు ఆటగాళ్ల మధ్యే తిరిగింది. 'ష్రౌడ్ ఆఫ్ ది అవతార్'లో అలాంటి స్థలాలకు పట్టాలను పోర్టలేరియమే నేరుగా అమ్మింది. పల్లెల్లో చిన్న స్థలాల నుంచి కోట పట్టేంత స్థలాల దాకా రకరకాల పట్టాలు పెట్టారు. తొలి మద్దతుదారులకు రోజువారీ పన్ను లేని పట్టాలు దక్కాయి. సొంత ఊరినే కొనుక్కుని, దానికి పేరుపెట్టి, ఇతరులకు స్థలాలు కేటాయించే వీలు కూడా కల్పించారు. అలా వందల ఊళ్లు పుట్టాయి. ఇళ్ల నమూనాలు, అలంకరణ వస్తువులు అమ్ముడయ్యాయి. డబ్బు సేకరణ కోసం గంటల తరబడి ప్రత్యక్ష ప్రసారాలు జరిగాయి. మొత్తం రాబడి కోటి డాలర్లు దాటింది.

లేఅవుట్ పూర్తికాకముందే ప్లాట్లు అమ్మి, ఆ డబ్బుతోనే రోడ్లు వేసే వెంచర్ పద్ధతి ఇది. దీనివల్ల బృందానికి నెలనెలా జీతాలు సమకూరాయి, ప్రచురణ సంస్థ ఒత్తిడి లేకుండా పని సాగింది. అదే సమయంలో, కొత్తవారు రాకముందే లోకంలో మంచి చోట్లు చాలావరకు పంచేశారు. ఊళ్లు ఎక్కువై, మనుషులు చాలక, వీధి పొడవునా ఇళ్లున్నా ఒక్కరూ ఎదురుపడని పరిస్థితి వచ్చింది. ఆన్‌లైన్ లోకంలో స్థలానికి విలువ ఇచ్చేది పక్కింటివాళ్లే. వాళ్లు ఆట మానేస్తే వందల డాలర్లు పెట్టిన పట్టా ఉన్నా దాని ఆకర్షణ పోతుంది.

విడుదల, ఆ తర్వాత

మొదటి పరీక్షా రూపం 2013 డిసెంబరులో మద్దతుదారులకు అందింది. అప్పటి నుంచి నెలకొక కొత్త రూపం విడుదల చేయడం బృందం నియమంగా పెట్టుకుంది. ఆ నియమాన్ని ఏళ్ల తరబడి పాటించడం గౌరవించదగిన విషయం. 2014 నవంబరులో ఆట స్టీమ్ దుకాణంలో ముందస్తు అమ్మకానికి వచ్చింది. 2016 జులై 28 తర్వాత ఆటగాళ్ల పాత్రలను, ఆస్తులను మళ్లీ చెరిపేయకుండా శాశ్వతం చేశారు. 2017లో సీడ్‌ఇన్వెస్ట్ అనే వేదిక ద్వారా చిన్న పెట్టుబడిదారుల నుంచి నిధులు తీసుకున్నారు.

పూర్తి రూపం 2018 మార్చిలో, అంటే మొదట చెప్పిన గడువు దాటిన మూడున్నరేళ్లకు వచ్చింది. అది కూడా ఐదు భాగాల్లో మొదటిదే. స్పందన మిశ్రమంగా ఉంది, ఆశించినంతమంది చేరలేదు. ఆ ఏడాదే ఉద్యోగుల తొలగింపులు జరిగాయి. అక్టోబరులో ఆటను అందరికీ ఉచితం చేశారు.

2019 అక్టోబరులో ఆట ఆస్తులన్నీ క్యాట్‌నిప్ గేమ్స్‌కు బదిలీ అయ్యాయి. దాని యజమాని క్రిస్ స్పియర్స్ అంతవరకు పోర్టలేరియంలో గారియట్‌తో కలిసి పనిచేసినవారే. గారియట్ ఆటకు దూరమయ్యారు. ఆటగాళ్ల పాత్రలు, ఇళ్లు కొత్త యాజమాన్యం కింద యథాతథంగా కొనసాగాయి, నెలవారీ మార్పులు కూడా ఆగలేదు. అయితే బదిలీ అయినది ఆట మాత్రమే. సీడ్‌ఇన్వెస్ట్ ద్వారా డబ్బు పెట్టినవారి హక్కు ఆట లేని పోర్టలేరియంలో మిగిలిపోయింది.

ఇదే దారిలో నడిచిన ఇతర ఆటలు

ఒకప్పుడు ఆరిజిన్‌లోనే 'వింగ్ కమాండర్' తీసిన క్రిస్ రాబర్ట్స్ 2012లో 'స్టార్ సిటిజన్'కు చందాలు అడిగారు. 2014లో ఇస్తామన్న ఆ ఆటకు 2024 నాటికి 70 కోట్ల డాలర్లకు పైగా వచ్చినా అప్పటికీ అది పరీక్షా దశలోనే ఉంది. 'డార్క్ ఏజ్ ఆఫ్ క్యామెలాట్' నిర్మాత మార్క్ జేకబ్స్ 2013లో 22 లక్షల డాలర్లు సేకరించిన 'క్యామెలాట్ అన్‌చెయిన్డ్' కూడా 2015 గడువును అందుకోలేకపోయింది. 2015లో చందాలు సేకరించిన 'క్రోఫాల్' 2021 జులైలో విడుదలైంది, 2022 నవంబరులో దాని సర్వర్లు ఆగిపోయాయి. 'ఎవర్‌క్వెస్ట్' నిర్మాతల్లో ఒకరైన బ్రాడ్ మెక్‌క్వెయిడ్ 2014లో 'పాంథియన్' కోసం కిక్‌స్టార్టర్‌కు వెళ్లినప్పుడు లక్ష్యం నెరవేరలేదు. 2019లో ఆయన మరణించినా బృందం పని ఆపకుండా 2024 డిసెంబరులో ముందస్తు రూపాన్ని ఆటగాళ్లకు అందించింది.

నమ్మకం: ఒక అంచనా

గారియట్ మోసం చేశారనడానికి ఆధారం లేదు. డబ్బు తీసుకుని మాయమైన నిర్మాత కాదాయన. ఆట వచ్చింది, ఇంటర్నెట్ లేకుండా ఆడే ఏర్పాటు వచ్చింది, హిక్మన్‌తో కలిసి రాసిన నవల 2016లో అచ్చయింది. అయినా చాలామంది మద్దతుదారులు నిరాశపడ్డారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. తాము నమ్మింది ఒక మనిషిని, చివరికి ఆ మనిషి అందులో లేరు.

పాత విజయాలు ఒక నిర్మాత ఊహకు, అభిరుచికి సాక్ష్యం చెబుతాయి. ఖర్చును అదుపులో పెట్టడం, గడువుకు పని ముగించడం, విడుదల తర్వాత సర్వర్లను నడపడం అనేవాటికి అవి చాలవు. 'అల్టిమా ఆన్‌లైన్' నాటికి ఆ బరువును ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ మోసింది. 'టాబులా రాసా' ఫలితం కూడా 2013 నాటికి అందరికీ తెలిసినదే. పాతికేళ్ల కిందటి ఆట మీద ప్రేమ ముందు, నాలుగేళ్ల కిందటి ఆ వైఫల్యాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

పైగా ఆన్‌లైన్ ఆట చేతికందగానే లావాదేవీ ముగిసే వస్తువు కాదు. సర్వర్ నడిచినన్నాళ్లే ఇల్లు, ఊరు, పట్టా ఉంటాయి. కాబట్టి మద్దతుదారుడు నిర్మాత పేరుతో పాటు మరికొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి: విడుదల తర్వాత ఖర్చులకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఆట హక్కులు ఎవరి పేరున ఉన్నాయి, సంస్థ అమ్ముడైతే ఇచ్చిన మాటలకు ఎవరు బాధ్యులు, సర్వర్ ఆగినా ఆడుకునే వీలుందా? వీటిలో చివరి ప్రశ్నకు మాత్రం 'ష్రౌడ్ ఆఫ్ ది అవతార్' నిర్మాతలు మొదట్లోనే జవాబిచ్చి, ఆ మాట నిలబెట్టుకున్నారు. మిగతా మూడింటికీ జవాబులు 2018, 2019 సంవత్సరాల్లో, డబ్బంతా ఖర్చయ్యాక తెలిశాయి. అభిమానం కొద్దీ ఇచ్చేవారు ఇవ్వవచ్చు, పోయినా బాధపడనంత ఇస్తే అందులో తప్పేమీ లేదు. ఆస్తి కొంటున్నామని అనుకునేవారు మాత్రం ఆ నాలుగు జవాబులూ ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.