గవాక్షంలో కపాలం: డ్యూరర్ ముద్రాచిత్రాలలో మృత్యుస్మరణ, పశ్చాత్తాపం

మక్తల్ ప్రాంతవాసులకు అలంపురం పరాయి క్షేత్రం కాదు. జోగులాంబ కేశపాశంలోని కపాలాన్ని, బల్లిని, తేలును దర్శించి నమస్కరించే మనకు, ఒక ఐరోపా సాధువు గదిలో కపాలం కనబడితే వింత తోచనక్కరలేదు. అది అక్కడ దేనికన్నదే విచారణీయం.

జర్మనీలోని న్యూరెంబర్గ్ నగర చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ (1471–1528) రాగిరేకుపై సూక్ష్మరేఖలు చెక్కి, వాటిలో సిరా నింపి కాగితంపై అచ్చొత్తేవాడు. ఒకే రేకు నుండి అనేక ప్రతులు వచ్చేవి. కుడ్యచిత్రం వద్దకు భక్తుడు వెళ్లాలి. అచ్చుచిత్రం భక్తుని ఏకాంతంలోకే వస్తుంది.

1496 ప్రాంతంలో డ్యూరర్ జెరోమ్ అనే సాధువును చిత్రించాడు. బైబిలును లాటిన్ భాషలోకి అనువదించిన మహాపండితుడాయన. ఆ చిత్రంలో బండరాళ్ల నడుమ మోకరిల్లి, వక్షాన్ని మోదుకొనుటకు చేత రాయి ధరించి ఉన్నాడు. అక్కడ పశ్చాత్తాపం దేహదండన. 1514లో అదే జెరోమ్‌ను మళ్లీ చెక్కినపుడు ఆ రాయి లేదు. గవాక్షం నుండి ప్రసరించే సూర్యకాంతి, మగతలో సింహం, నిద్రలో శునకం, గోడకు ఇసుక గడియారం. వృద్ధుడు తల వంచి వ్రాసుకుంటున్నాడు. బల్ల అంచున చిన్న సిలువ. ఆయన శిరస్సు నుండి సిలువ మీదుగా చూపు సాగిస్తే, గవాక్షపు తిన్నెపై కపాలం! క్రీస్తును సిలువ వేసిన గొల్గొతా అంటే కపాలస్థలం. ఆదిమానవుడైన ఆదాము కపాలం అక్కడే ఉన్నదని వారి ఐతిహ్యం. కనుక అది మరణానికే కాదు, ఆదిపాపానికీ చిహ్నం.

మన పురాణాలలో ఈ రెండర్థాలూ భైరవుని హస్తంలో కలిశాయి. బ్రహ్మ శిరస్సును ఖండించిన దోషానికి ఆ కపాలం ఆయన చేతికి అంటుకొని, కాశి చేరేవరకు వీడలేదు. అది రాలిన చోటే కపాలమోచన తీర్థం. భైరవునికి కపాలం వీడుటే విముక్తి. జెరోమ్ మాత్రం దానిని వెలుగు పడేచోట నిలుపుకొని తన పని తాను చేసుకుంటున్నాడు. సాధకునికి వీటిలో ఏది కష్టతరమో నేను నిర్ణయించలేను.

ఆ 1514 మే మాసంలోనే డ్యూరర్ తల్లి బార్బరా మరణించింది. పద్దెనిమిది మంది బిడ్డలను కన్న ఇల్లాలు. అంతకు రెండు నెలల ముందు, మార్చిలో, ఆయన ఆమె ముఖాన్ని బొగ్గుతో గీశాడు. వడలిన చర్మం క్రింద ఎముకల ఆకృతి అందులో స్పష్టంగా కనబడుతుంది.