ఆంగ్లేయుల పండుగవిందులో గ్రేవీ



మన పట్టణములందలి హోటళ్లలో కూరతోడి చిక్కని పులుసునెల్ల గ్రేవీ యని పిలుచుచున్నారు. ఈ మాట ఇంగ్లండునుండి వచ్చినది. అచ్చట దాని యర్థము వేరు. క్రిస్మసునాడు పెద్దబాతునో, టర్కీకోడినో, గోమాంసమునో కాల్చి వండునప్పుడు దానినుండి కారిన రసముతో జేయునదియే వారి గ్రేవీ. మాంసము ముట్టనివారు మీలో పెక్కుమంది యుందురు. వారు దీనిని వంటగా గాక, ఒక దేశపు గృహిణుల చరిత్రముగా వినవచ్చును.

ఈ పదమే లేఖకుల పొరపాటున బుట్టినదని పండితులు తలంచుచున్నారు. ప్రాచీన ఫ్రెంచి వంటగ్రంథములలో ‘గ్రనే’ యను వంటక మొకటి కలదు. చేతివ్రాతలో రెండక్షరములు ఒకే తీరున నుండుటచే అది ‘గ్రవే’ యయ్యె నట. మన తాళపత్రములలో వకార పకారములకు భ్రమపడిన లేఖకులు లేరా! సుమారు 1390లో రెండవ రిచర్డు రాజు వంటవాండ్రు కూర్చిన గ్రంథమున చెవులపిల్లి మాంసముతో జేయు గ్రేవీ కలదు. అందు బాదముపప్పు, అల్లపుపొడి, చక్కెర పడెడివి. నేటి గ్రేవీకిని దానికిని పేరుతప్ప పోలిక లేదు.

పూర్వము మాంసమును ఇనుపశూలమునకు గ్రుచ్చి మంటయెదుట త్రిప్పుచు గాల్చెడివారు. త్రిప్పుటకు మొదట బాలురుండిరి. తరువాత చక్రములో పరుగెత్తు కుక్కలను గూడ నియోగించిరి. కారిన క్రొవ్వును, రసమును క్రింది పళ్లెరమున బడెడివి. సామాన్యులకు అది చాలును. ధనవంతులకు చాలకపోయెను. పదునెనిమిదవ శతాబ్దమున వారు గ్రేవీ కొరకే వేరుగా మాంసము కొని, దాని సారమును దీయించెడివారు. ఫ్రెంచి వంటవాని నుంచుకొనుట గొప్పతనముగా నెంచబడిన కాలమది.

ఆ దుబారాపై హన్నా గ్లాస్ అను స్త్రీ కలము బట్టెను. 1747లో తన పేరు వేయకయే, పనికత్తెలకు సైతము తెలియు సులభమైన మాటలతో ఆమె యొక వంటపుస్తకము ప్రకటించెను. 12 గ్రుడ్లు వేయించుటకు 6 పౌనుల వెన్న వాడిన వంటవానిని గూర్చి వింటిననియు, అర పౌను చాలుననియు నందు ఎత్తిపొడిచెను. ఆ పుస్తకము మిక్కిలి ప్రచారము పొందెను. కాని ఇతరులకు పొదుపు నేర్పిన యామెయే 1754లో దివాలాపడి, దానిపై తన హక్కును అమ్ముకొనవలసివచ్చెను.

ఇక ఇంటి గ్రేవీ విధము చెప్పెదను. మాంసము కాలిన పళ్లెరమునుండి క్రొవ్వును వంచి, రెండు చెంచాలంత మాత్రము మిగుల్తురు. అందు గోధుమపిండి చల్లి, ఎఱ్ఱబాఱువఱకు వేయింతురు. పిమ్మట కూరగాయలు ఉడికిన వేడినీటిని కొంచెము కొంచెముగా బోయుచు, పళ్లెరము నంటిన మాడును గరిటెతో గీకి కలుపుదురు. రుచియంతయు ఆ మాడులోనే యున్నది. మన పులుసు పలుచనైనచో బియ్యపుపిండిని చన్నీట గలిపి పోయుదుము గదా. వారు పిండిని ముందే క్రొవ్వులో గలుపుటచే అది యుండకట్టదు. వింత యేమనగా, ఈ యుపాయము 1651లోనే ఫ్రాన్సులో లా వరెన్ గ్రంథమున అచ్చుపడియున్నది. హన్నాగారి కోపము ఫ్రెంచివారి ఖర్చుపైనే గాని విద్యపై గాదనుకొందును.

పేదలకు పొయ్యియే కఱవు. లండనులో పలువురు పండుగబాతును రొట్టెలవాని యావమునకు బంపి కాల్పించుకొనెడివారు. 1843లో డికెన్సు వ్రాసిన క్రిస్మసు కథలో క్రాచిట్ కుటుంబపు బాతు అట్లే కాలును. గ్రేవీ మాత్రము ఇల్లాలే చిన్న గిన్నెలో ఇంట కాచును. ఆమె చేతికి మిగిలిన పండుగ అదియే గదా!

1908లో బిస్టో యను పొడి అంగళ్లకు వచ్చెను. రంగును, చిక్కదనమును అదియే యిచ్చుటచే పని తేలికయయ్యెను. రెండవ ప్రపంచయుద్ధమున, 1940 మార్చినుండి, మాంసమునకు రేషను పెట్టిరి. మొదట పెద్దవారికి వారమునకు 1 షిల్లింగు 10 పెన్నీల వెలగల మాంసమే. తరువాత అదియు దగ్గెను. కూరలుడికిన నీటిని పాఱబోయక గ్రేవీలో వాడుడని ప్రభుత్వమే బోధించెను. పేదయిండ్లు ఎన్నడును మఱువని పద్ధతి అట్లు రాజ్యమంతటికి పాఠమయ్యెను. 1954 జూలై 4న ఆ నియంత్రణము తొలగెను. 1939 తరువాత రేషను లేక మాంసము కొనగలిగిన మొదటి క్రిస్మసు ఆ యేటిదే.