అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండా ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కుతుంది, ఏది ఎక్కదు?

పెందుర్తిలో నెట్ సెంటర్‌కి వెళ్లినా, కాలేజీ ల్యాబ్‌లో కూర్చున్నా, ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ తెరిచినా ఇదే గొడవ. సెటప్ ఫైల్ నొక్కగానే స్క్రీన్ మసకబారి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అదేమో ఓనరు దగ్గర ఉంటుంది. చాలామంది అక్కడితో వదిలేస్తారు. కానీ చాలా పనులకు ఆ పాస్‌వర్డ్ అవసరమే లేదు.

ఇలా అడగడం 2007లో విండోస్ విస్టాతో మొదలైంది. విండోస్ ఫోల్డర్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ ఆ కంప్యూటర్ వాడే అందరివీ కాబట్టి వాటిలో చెయ్యి పెట్టాలంటే అనుమతి కావాలి. మీ యూజర్ పేరు మీదున్న ఫోల్డర్ మాత్రం మీదే. అందులోకి ఎక్కే సాఫ్ట్‌వేర్‌కి ఎవర్నీ అడగక్కర్లేదు. క్రోమ్ బ్రౌజర్ పాస్‌వర్డ్ అడిగినప్పుడు 'నో' కొట్టి చూడండి, అడ్మిన్ లేకుండానే ఎక్కించమంటారా అని అదే అడుగుతుంది. వీఎస్ కోడ్‌లో 'యూజర్ సెటప్' అని వేరే ఫైలే ఉంది. పైథాన్‌ని కూడా ఒక్క యూజర్‌కే ఎక్కించుకోవచ్చు.

కొన్ని పాత సెటప్‌లది ఇంకో తమాషా. ఫైల్ పేరులో 'సెటప్' అనో 'ఇన్‌స్టాల్' అనో ఉంటే చాలు, అవసరం ఉన్నా లేకున్నా విండోస్ అనుమతి అడిగేస్తుంది. 'రన్ యాజ్ ఇన్వోకర్' అనే సెట్టింగ్‌తో నడిపితే ఆ ప్రశ్న రాదు. అలాగని కొత్త అధికారమేమీ రాదు. ఆ సెటప్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే రాయాలనుకుంటే మధ్యలో ఆగిపోతుంది. పవర్‌షెల్ స్క్రిప్టులు మామూలుగా నడవవు గానీ, కరెంట్ యూజర్ వరకు ఆ నిబంధన సడలించుకోవడానికి అడ్మిన్ అక్కర్లేదు. స్కూప్ అనే ఇన్‌స్టాలర్ అయితే అడ్మిన్‌గా నడిపితేనే ఒప్పుకోదు!

మనవాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది ఫాంట్ల సంగతి. షాదీ కార్డుకి ఉర్దూ మేటర్ కొట్టాలంటే నస్తాలీక్ ఫాంట్ కావాలి కదా. 2018 అక్టోబర్ అప్‌డేట్ నుంచి విండోస్ 10లో ఫాంట్‌ని ఒక్క యూజర్‌కే వేసుకోవచ్చు. నోటో నస్తాలీక్ ఉర్దూ ఉచితం. ఉర్దూ, తెలుగు కీబోర్డులు సెట్టింగ్స్‌లోనే ఉంటాయి, వాటికి డౌన్‌లోడ్ వెతుక్కోనక్కర్లేదు.

ఇక కానివి చెప్తాను. ప్రింటర్ డ్రైవర్, వేలిముద్ర మెషీన్ డ్రైవర్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్. ఇవి సిస్టమ్ లోపలికి వెళ్లేవి కాబట్టి పాస్‌వర్డ్ తప్పదు. కంపెనీలు, ఎల్ఎల్‌పీలు జీఎస్టీ రిటర్న్‌కి ఆ టోకెనే వాడాలి. నెలనెలా 3బీ వేసేవాళ్లు 20వ తేదీ రాత్రి దాకా ఆగి, పక్కవాళ్ల కంప్యూటర్‌లో టోకెన్ గుచ్చితే అది పలకదు. సొంత పేరుతో నడిచే కిరాణా కొట్టుకైతే ఫోన్‌కి వచ్చే ఓటీపీతోనే పని అయిపోతుంది, ఏదీ ఎక్కించనక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. అడ్మిన్ అడగలేదంటే అది మంచి సాఫ్ట్‌వేర్ అని కాదు. మీ ఫోల్డర్‌లోకి వచ్చిన దొంగ ప్రోగ్రామ్‌కి మీ ఫైళ్లు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు అందుతాయి. అందుకే కొన్ని ఆఫీసులు యూజర్ ఫోల్డర్ నుంచి కూడా ఏదీ నడవకుండా ఆపేస్తాయి. అలాంటిచోట అడ్డదారులు వెతక్కుండా సిస్టమ్ అడ్మిన్‌ని అడిగి వేయించుకోండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.