నాన్న పొటాష్, బోఫిల్స్ లెక్క

రావులపాలెం దగ్గర మా అరటితోటలో ముదురాకులు పసుపెక్కితే నాన్న మందు ఒకటే: ఇంకో బస్తా పొటాష్. ఏది తక్కువైతే పంట దానికాడే ఆగిపోతుందన్న ఈ సూత్రం 1828లో స్ప్రెంగెల్ రాశాడు, పేరేమో లీబిగ్‌కి పోయింది. (మన ఆఫీసుల్లో జరగనిదా!)

దాన్ని ఇంకో వైపు నుంచి చూసినవాడు బోఫిల్స్. ఇండోచైనా రబ్బరుతో మొదలెట్టి, 1973లో దక్షిణాఫ్రికాలోని నటాల్ యూనివర్సిటీ నుంచి డ్రిస్ పద్ధతిని ప్రచురించాడు. ఆకులో పొటాషియం ఎంతుందని కాదు, మెగ్నీషియంతో పోలిస్తే ఎంతుందని చూస్తుందది. బాగా కాసిన తోటల నిష్పత్తులే కొలబద్ద. ప్రతి పోషకానికీ ఓ సూచీ, అన్నీ కూడితే సున్నా. మనలాంటివాళ్ళకి వెంటనే బగ్ కనబడుతుంది: అన్నీ సరిపడా ఉన్నా ఏదో ఒకటి మైనస్ చూపిస్తుంది, ఎన్ని బస్తాలో మాత్రం చెప్పదు. అయినా ఏది ముందో చెబుతుందిగా! తర్వాత అరటికీ వాడారు.

గెల వేసేటప్పుడు పైనుంచి మూడో ఆకు ముక్కలు ల్యాబ్‌కి పంపాం. లెక్క నేనే వేశా. పొటాషియం ప్లస్సు, మెగ్నీషియం అట్టడుగున. ఆకు కాడల మీద ఊదా మచ్చలు అప్పుడు చూశాం.

"ఏరా, ఇన్నేళ్ళూ డబ్బెట్టి జబ్బు కొన్నానా?" అన్నారు నాన్న.