ముప్పై నలుగురు పిల్లల వరుస

పల్నాట చిన్నపిల్లలకు చరిత్ర చెప్పడం తేలికని చాలామంది అనుకుంటారు. కథ వాళ్లకు ముందే తెలుసు కదా! కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు సాగే కారంపూడి వీరుల ఉత్సవాలను తాతల భుజాలెక్కి చూసిన పిల్లలు వీళ్లు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుల పేర్లు వరుస తప్పకుండా చెప్పగలరు. అసలు చిక్కు అక్కడే ఉంది.

మన ప్రాథమిక పాఠశాలల్లో చరిత్ర విడి పాఠ్యాంశం కాదు. అయిదో తరగతి దాకా పరిసరాల విజ్ఞానంలో కలిసిపోయి ఉంటుంది. అంటే ఊరి చరిత్రను ఎలా చెప్పాలన్నది చాలావరకు ఉపాధ్యాయుడి ఇష్టం. పల్నాటి పల్లెలో కొన్నాళ్లు పాఠాలు చెప్పిన రోజుల్లో నేనూ ఆ స్వేచ్ఛను వాడుకున్నాను. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు, కోడిపందెం, ఏడేళ్ల వలస, అలరాజు మరణం, చివరకు కారంపూడి యుద్ధం. అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. పిల్లలు కళ్లప్పగించి విన్నారు. తీరా నాటకం వేద్దామంటే బాలచంద్రుడి వేషానికి తరగతిలో మగపిల్లలందరూ ఎగబడ్డారు. నాగమ్మ వేషానికి ఒక్క ఆడపిల్లా ముందుకు రాలేదు. “ఆమె చెడ్డది సార్” అన్నారు. రాజ్యాన్ని నడిపిన ఒక మంత్రిణి గురించి వాళ్లకు మిగిలింది ఆ ఒక్క మాటే. నేను చెప్పింది చరిత్ర కాదనీ, పక్షం అనీ అప్పుడు తెలిసింది.

మరునాడు పిల్లలను ఆవరణలో వరుసగా నిలబెట్టాను. ఒక్కొక్కరు ఒక్కో తరం, అంటే పాతికేళ్లు. మొదటివాడు ఈనాటివాడు. మూడో పిల్ల దగ్గర కన్నాంబ నాగమ్మగా నటించిన ‘పల్నాటి యుద్ధం’ సినిమా, 1947. నాలుగో పిల్లవాడి దగ్గర ఇద్దరున్నారు: పల్నాటి వీరచరిత్రను 1911లో పరిష్కరించి అచ్చువేయించిన అక్కిరాజు ఉమాకాంతం, పుల్లరికి ఎదురుతిరిగి 1922లో ప్రాణమిచ్చిన మించాలపాడు కన్నెగంటి హనుమంతు. ఆ వీరచరిత్రను ద్విపదలో రాశాడని చెప్పే శ్రీనాథుడు ఇరవై నాలుగో చోట నిలిచాడు. యుద్ధం జరిగింది 1182 ప్రాంతంలో అంటారు. అక్కడికి చేరేసరికి ముప్పై నలుగురు పిల్లలు కావలసివచ్చారు.

వరుస మధ్యలోంచి ఒక పాప అడిగింది: “శ్రీనాథుడికీ యుద్ధానికీ నడుమ తొమ్మిదిమంది ఉన్నారు కదా సార్, నాగమ్మ మనసులో ఏమనుకుందో ఆయనకెలా తెలిసింది?”

ఎనిమిదేళ్ల పాప అడిగిన ఆ ప్రశ్నే చరిత్ర రచనకంతటికీ మూలం. పాడినవాళ్ల నోట విన్నాడని చెప్పాను. పాడినవాళ్లు ఎవరివాళ్లు? వీరుల గుడిలో వీరులను కొలిచేవాళ్లు. మరి నాగమ్మ తరఫున పాడినవాళ్ల పాట మనదాకా వచ్చిందా? ఇంత చాలు. నాగమ్మ మంచిదని తీర్పు మార్చనక్కరలేదు. తీర్పుకు ముందు ‘ఎవరు చెప్పారు, ఎంతకాలానికి చెప్పారు’ అని అడగడం అలవాటైతే చాలు.

“ఇంకా వెనక్కి వెళ్దామా సార్” అన్నారు. నాగార్జునకొండ లోయలో విజయపురిని ఏలిన ఇక్ష్వాకులది 3వ శతాబ్ది. దానికి డెబ్బై మంది కావాలి. మా బడిలో అంతమంది లేరు! వరుస గేటు దాటి రోడ్డు మీదికి పోతుందని పిల్లలు నవ్వారు. ఆ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. మునిగిపోకముందు, 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికిన కట్టడాల్లో కొన్నిటిని కొండపైనా, మాచర్ల దాపునున్న అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. పాట లేని కాలానికి ఇటుకలే సాక్ష్యమని పిల్లలకు అక్కడ చూపించవచ్చు.

చిన్నపిల్లలకు సాక్ష్యాధారాల గొడవ ఎందుకు, కథ చెబితే చాలదా అని మీరనవచ్చు. కథ చెప్పవలసిందే. బ్రహ్మనాయుడి చాపకూడు గురించి చెప్పకుండా పల్నాట చరిత్ర పాఠం ఉండదు. కానీ పక్షాలూ పగలూ ఎన్ని ప్రాణాలు తీశాయో ఈ సీమకు వేరే చెప్పనక్కరలేదు. అన్నదమ్ముల పోరులో ఒక పక్షాన్ని ఎనిమిదేళ్లకే చేతికిచ్చి పంపితే, ఆ పిల్లవాడు పెద్దయ్యాక ఊళ్లోనూ అదే వెతుక్కుంటాడు.

తర్వాత మళ్లీ నాటకం వేశాం. నాగమ్మ వేషం ఆ ప్రశ్న అడిగిన పాపే వేసింది.