జేన్ ఎయిర్

ఆంగ్ల రచయిత్రి షార్లెట్ బ్రాంటీ నవల. 1847 అక్టోబరులో కరర్ బెల్ అనే కలంపేరుతో లండన్‌లో వెలువడింది. పాతకాలపు భవంతి, అర్ధరాత్రి వినిపించే నవ్వు, తాళం వేసిన గది వంటి గోథిక్ లక్షణాల నడుమ సాగే ప్రేమకథ ఇది.

కథ: అనాథ అయిన జేన్, థార్న్‌ఫీల్డ్ హాల్‌లో అడేల్ అనే బాలికకు చదువు చెప్పడానికి చేరి, ఇంటి యజమాని రోచెస్టర్‌ను ప్రేమిస్తుంది. చర్చిలో పెళ్లి జరుగుతుండగా ఒక న్యాయవాది అడ్డుపడి, అతనికి భార్య ఉందని బయటపెడతాడు. జమైకాకు చెందిన ఆ భార్య బెర్తా మేసన్, మతిస్థిమితం తప్పి అదే ఇంటి మూడో అంతస్తులో బందీగా ఉంది. ఆ కారణంతో విడాకులు పొందే వీలు ఆనాటి ఇంగ్లండ్ చట్టంలో లేదు.

నైతిక సంఘర్షణ: ఫ్రాన్స్ వెళ్లి కలిసి బతుకుదామని రోచెస్టర్ ప్రాధేయపడతాడు. అతని మీద ప్రేమ ఇసుమంతైనా తగ్గకపోయినా, ఆత్మగౌరవాన్ని చంపుకోలేక జేన్ తెల్లవారుజామున ఇల్లు విడిచిపోతుంది. తర్వాత సెయింట్ జాన్ రివర్స్ అనే మతబోధకుడు, తనను పెళ్లాడి మతసేవకు భారతదేశం రమ్మంటాడు. మనసు లేని ఆ పెళ్లినీ ఆమె తిరస్కరిస్తుంది. ధర్మం లేని ప్రేమను, ప్రేమ లేని ధర్మాన్ని ఒకే నిబ్బరంతో కాదనడమే ఈ నవలకు ప్రాణం.

ముగింపు, ప్రభావం: బెర్తా పెట్టిన మంటల్లో భవంతి కాలిపోతుంది. ఆమె మరణిస్తుంది, రోచెస్టర్ చూపునూ ఒక చేతినీ కోల్పోతాడు. వారసత్వపు ఆస్తితో స్వతంత్రురాలైన జేన్ తిరిగొచ్చి అతన్ని పెళ్లాడుతుంది. బెర్తా వైపు కథను 1966లో జీన్ రీస్ ‘వైడ్ సర్గాసో సీ’ నవలగా రాసింది.